కామసముద్రానికి ఒక ఫ్రెంచి సీసా

నా సంచిలో ఆవకాయ జాడీ పక్కన ఫ్రెంచి వైను సీసా ఉందని రైల్లో నా ఎదురు బెర్తు ఆవిడకు తెలియదు. ఏలూరులో ఎక్కింది మొదలు ఆవిడ నాకు మూడు గుళ్ళ ప్రసాదాలు పెట్టింది. నేను తీసుకున్న ప్రతిసారీ సంచిని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాను. అరవై ఆరేళ్ళ వయసులో, జీవితంలో ఎన్నడూ ముట్టని వస్తువును నూలు చీరలో చుట్టుకుని రాష్ట్రం దాటించడం నాకే వింతగా ఉంది.

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. కాలేజీలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. టైఫాయిడ్ వచ్చిన ఒక్క వారం తప్ప ఖాళీ పేజీ లేదు. ఈ ప్రయాణం ఆ డైరీల్లోంచే పుట్టింది.

బయలుదేరడానికి కారణం

బి.ఇడి. చదివేటప్పుడు తిరుపతి హాస్టల్లో నా గదిలో పద్మ ఉండేది. కోలారు జిల్లా కామసముద్రం పిల్ల. వాళ్ళ నాన్న మునెప్పగారు కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర ఆఫీసర్ల క్లబ్బులో బేరరు. ఒక ఆదివారం పద్మ నా డైరీలో రెండు బురుజులు, వాటి మధ్య ఇనుప గేటు, గేటు మీద పావురం బొమ్మ గీసింది. అది ఒక సీసా మీది బొమ్మ అనీ, తన తండ్రి గీసి చూపించగా నేర్చుకున్నాననీ చెప్పింది. దాని కథ ఆ రోజే కింద రాసుకున్నాను.

కంపెనీ దొరలు ఇంకా ఉన్న చివరి రోజులవి. ఒక పెద్ద దొర ఊరు వదిలి వెళ్తున్నాడని క్లబ్బులో మధ్యాహ్నం విందు ఇచ్చారు. ఫ్రాన్సులోని ఒక పాత ఎస్టేటు నుంచి ఎర్ర వైను రెండు సీసాలు తెప్పించారు. అప్పుడు ఇరవై రెండేళ్ళవాడైన మునెప్పగారు మొదటి సీసా బిరడా తీసి, పద్ధతి ప్రకారం వాసన చూశారు. తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. ఇది చెడిపోయింది, పోయవద్దని హెడ్ బట్లరుకు చెప్పారు. ఖరీదైన వైను వాసన అలాగే ఉంటుందని బట్లరు నవ్వి, ఆ సీసా తానే తీసుకెళ్ళి పోశాడు. దొరలు తాగి బాగుందన్నారు. రెండో సీసా మునెప్పగారి చేతికే రాలేదు. రాగి మూటలు మోసే ఇంటినుంచి వచ్చినవాడికి ఏం చూసినా గోనె వాసనే వేస్తుందని బట్లరు వంటగది నిండా చాటాడు. మునెప్పగారిని భోజనాల హాలులోంచి తీసేసి ఏడాది పాటు బూట్లు తుడిచే పనిలో పెట్టారు. ఏడాది తర్వాత హాలులోకి తిరిగి వచ్చారు గానీ, పేరు తిరిగి రాలేదు. గోనెసంచిని అక్కడ గోని అంటారు. ఆయన గోని మునెప్ప అయిపోయారు.

అప్పటినుంచి ఆయనకు ఒకటే కోరిక: అదే ఎస్టేటు వైను, మంచి సీసా, ఒక్కసారి వాసన చూడాలి. అందులోనూ గోనె వాసన ఉంటే బట్లరు మాట నిజం. లేకపోతే తన ముక్కు నిజం.

కిందటి అక్టోబరులో రిటైరైన టీచర్లం పదకొండు మందిమి ఫ్రాన్సు చూడడానికి వెళ్ళాం. బోర్డో దగ్గర ఒక ఎస్టేటు గేటు ముందు బస్సు ఆగింది. రెండు బురుజులు, ఇనుప గేటు, మీద రాతి పావురం. నేను బస్సు మెట్టు మీదే నిలబడిపోయాను. వెనకవాళ్ళు దిగమని గోల చేస్తున్నా కదల్లేదు. అక్కడ కొన్న సీసా ధర ఇక్కడ రాయను. డైరీలో ఉంది, అది చాలు.

బంగారుపేట: రంగు లేని నీళ్ళు

పద్మ స్టేషనుకు వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, నడకలో తొందర మాత్రం అదే. నా సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

"బంగారం తెచ్చినావా ఏమే, అట్ల పట్టుకోనుండావు?" అంది.

"బంగారం మీ ఊళ్ళోదే కదా. ఇది వేరే."

పద్మ నా మొహం చూసింది, సంచి చూసింది. సీసా తెస్తున్నానని నేను ఉత్తరంలో రాసిన మాట నిజమని అప్పుడు నమ్మినట్టుంది. నా చెయ్యి పట్టుకుని పానీపూరి బండి దగ్గరకు తీసుకెళ్ళింది. తన సంతోషాలన్నీ తిండి వైపు మళ్ళించడం హాస్టలు నాటి అలవాటే.

బంగారుపేట పానీపూరి చూసి తీరాలి. మన వైపు ఆ నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి కదా, ఇక్కడ మంచినీళ్ళలా తేటగా, ఏ రంగూ లేకుండా ఉంటాయి. ఏముందిలే అని గటగటా తాగాను. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారగా కారాయి.

"చూసి మోసపోయినావు అమ్మా," అన్నాడు బండి ఆయన. "రంగు చూసి ఏమీ చెప్పలేరు. వాసన చూసి తాగల్ల."

డైరీలో ఆ మాట రాసుకున్నాను. ప్లేటు ముప్పై రూపాయలు.

కేజీఎఫ్: క్లబ్బు వరండా

కామసముద్రం వెళ్ళేముందు క్లబ్బు చూపించమని పద్మను అడిగాను. ఊరికి అడ్డంగా సైనైడు దిబ్బలు కనిపిస్తాయి. గనుల్లోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం లాగేసుకుని, మిగిలింది పోసిన బూడిదరంగు కొండలవి. గాలి వీస్తే ఆ పిండి కళ్ళలో పడుతుంది. మా ఏలూరులో ఎటు చూసినా కాలవలూ తడీ. ఇక్కడ గుక్కెడు నీళ్ళ కోసం నాలుక వెతుక్కునే ఎండ.

క్లబ్బు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ మీద నుంచి లేవకుండానే, "ఎవురు కావల్ల?" అన్నాడు. తమిళం కలిసిన తెలుగు.

"మా నాయిన ఇక్కడ పని చేసినాడప్పా. ఒకసారి చూసి పోతాము," అంది పద్మ.

"పేరు?"

"మునెప్ప."

"ఏ మునెప్ప? ఈ కూలీ లైన్లలో ఇంటికి ఒక మునెప్ప ఉండాడు."

పద్మ నా వైపు చూసి, నేల వైపు చూసి, మెల్లగా అంది. "గోని మునెప్ప."

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "అయ్యో, గోని మునెప్పనా! సారాయి సీసాలో గోని వాసన చూసినోడు! మా తాత ఆ కథ చెప్పి చెప్పి నవ్వుతా ఉండె. రాండమ్మా, రాండి."

అలా ఆ పేరు మీదే మాకు గేటు తెరుచుకుంది. వరండా వరకే పంపించారు. నల్లబారిన చెక్క నేల, ఎత్తైన తలుపులు, గోడ మీద మేకులు మిగిలిన గుర్తులు. పద్మ అక్కడ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఆటో ఎక్కాక అంది. "నేను టీచరయినాక గూడ పిల్లోల్లు ఎనకనించి గోని టీచరు అనేవాళ్ళు. నాకి అలవాటైపోయినాది. మా నాయినకి కాలేదు. ఆ మాట వినబడితే ఇప్పుటికీ బిగుసుకోనిపోతాడు."

కామసముద్రం: సీసాకు అలుపు

ఆంధ్ర సరిహద్దు పక్కనే ఊరు. పిందె పట్టిన మామిడి తోపులు, కోసేసిన రాగి చేలు, ఇంటింటికీ పాడి. రిటైరయ్యాక పద్మ ఇక్కడే తండ్రి దగ్గర ఉండి, ఎకరంలో మల్బరీ వేసి, పెరట్లో షెడ్డు కట్టి పట్టుపురుగులు పెంచుతోంది. షెడ్డు గుమ్మంలో సున్నం చల్లి ఉంది. నేను తొంగి చూడబోతే పద్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పౌడరు రాసుకోనుండావు కదే? ఆ వాసనకి పురుగులు మేత ముట్టవు. మొగం కడుక్కోని రా."

కొత్త పెళ్ళికూతురికి కూడా ఇన్ని మర్యాదలు ఉండవు ఆ పురుగులకు.

మునెప్పగారికి ఎనభై తొమ్మిదేళ్ళు. తెల్ల చొక్కా, మెడ గుండీ దాకా పెట్టుకుని, నిటారుగా నిలబడి నమస్కారం చేశారు. సీసా చేతికిచ్చాను. మెడ దగ్గర పట్టుకోకుండా, అడుగున అరచెయ్యి పెట్టి, పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నారు. బూతద్దం తెప్పించుకుని చాలాసేపు బొమ్మ చూశారు.

"అదే గేటు," అన్నారు. "పావురానికి అప్పుడు రెక్క ఇట్ల లేదు. మిగతాదంతా అదే."

సీసా ఆయన చేతిలో వణికింది. పద్మ పట్టుకోబోతే మోచేత్తో తోశారు.

"ఎట్ల తెచ్చినావు తల్లీ? పండబెట్టినావా, నిలబెట్టినావా?"

"ఆవకాయ జాడీ పక్కన నిలబెట్టానండీ, బాబాయిగారూ. రైల్లో, తర్వాత ఆటోల్లో."

"అంత దూరం కుదిపినావు. దీనికి అలుపు తీరల్ల. ఇప్పుడు తెరిస్తే అడుగు మడ్డి అంతా పైకి లేసి ఉంటాది. రెండు దినాలు కదలకుండా నిలబడల్ల."

నేను మర్నాడే కోలారు చూసి వెళ్ళిపోదామనుకున్నాను. నా పట్టికలో ఈ రెండు రోజులు లేవు. పద్మ నవ్వింది. "అరవై ఏండ్లకి పైన ఓర్చుకోనుండాడు. ఇంగ రెండు దినాలకి నీకి బేజారా?"

ఎస్టేటులో గైడు పిల్లను అడిగిన సంగతి ఆయనకు చెప్పాను. బిరడా చెడితే వైనుకు అలాంటి వాసన రావచ్చుననీ, తమ ఎస్టేటు సీసాల్లో మాత్రం ఎన్నడూ అలా జరగలేదనీ ఆమె అంది.

"వాళ్ళ సరుకుని వాళ్ళు ఇంగెట్ల చెప్తారు?" అన్నారాయన. "మా పద్మ గూడ ఫోనులో చూసి చెప్పినాది, బిరడా చెడితే వస్తాదని. ఫోను చెప్పేది కాదమ్మా. ఆ సీసా చెప్పల్ల. దాని మంచి వాసన ఏందో తెలిస్తే గదా, నేను చెడ్డదని చెప్పింది నిజమో కాదో తెలిసేది?"

అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పొయ్యి మీద పాలు అడుగంటాయి. పొయ్యికి రెండు బారల దూరంలో కూర్చున్నది మునెప్పగారే. పద్మ పరుగెత్తుకొచ్చి, "నాయినా, పక్కనే ఉండి చూసుకోకూడదా?" అని విసుక్కుంది. ఆయన ఏదో ఆలోచనలో ఉన్నానన్నారు. అలవాటు కొద్దీ అది కూడా డైరీలో రాశాను.

సీసా పద్మకు అప్పగిస్తూ ఆయన చెప్పింది ఒకటే. "చల్లగా, చీకటిగా ఉండే తావులో పెట్టు. ఫ్రిజ్జులో పెడితే నా మీద ఒట్టు."

ఆ పూట భోజనం రాగిముద్ద, పితికిపప్పు. అనపగింజల్ని నానబెట్టి, ఒక్కొక్కటి వేళ్ళతో పితికి పొట్టు తీసి పులుసు పెడతారు. ముద్దను నేను నములుతూ ఉంటే తండ్రీకూతుళ్ళు జాలిగా చూశారు. నమలకూడదట. పులుసులో దొర్లించి మింగేయాలట. మూడో ముద్దకు నాకు పట్టుబడింది. మా ఇంట్లో అన్నం కలపడమే ఒక పని. ఇక్కడ మింగడమే పని.

కోలారు, ఆవని: ఒక మొక్కు

సీసాకు అలుపు తీరేలోగా పద్మ నన్ను కోలారు టమాటా మార్కెట్టుకు తీసుకెళ్ళింది. అంత ఎరుపు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. పదిహేను కేజీల పెట్టెలు గోడల్లా పేర్చి ఉన్నాయి. వేలం పాడేవాడు పెట్టె అంచు మీద నిలబడి కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో పెంచి, హిందీలో ముగిస్తున్నాడు. ఒక రైతు తన పెట్టెలోంచి ఒక పండు తీసి నాకు ఇచ్చాడు. చీరకొంగుతో తుడుచుకుని తింటే, "ఎట్లుండాదమ్మా?" అన్నాడు.

"చాలా బాగుంది. పెట్టె ఎంత పలికింది?"

"అది అడగొద్దమ్మా. రుచి మటుకు చెప్పు."

అక్కడినుంచి ఆవని వెళ్ళాం. శివరాత్రి దాటి నాలుగు రోజులు, పశువుల జాతర నడుస్తోంది. ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలకు గంటలు, మైదానం నిండా దుమ్ము. ఒక ముసలాయన తన కోడెల మీద ఎండ పడకుండా దుప్పటి పట్టుకుని, తను మాత్రం ఎండలో కూర్చున్నాడు. సీతమ్మవారు లవకుశుల్ని కన్నది ఇక్కడేనని చెప్తారు. కొండ మీది సీతమ్మ గుడికి సగం మెట్లు ఎక్కేసరికి నా మోకాళ్ళు ఎదురు తిరిగాయి. పద్మ మాత్రం పైకి వెళ్ళి, బొట్టు పెట్టుకుని దిగి వచ్చింది.

"ఏం మొక్కావు?" అన్నాను.

"నవ్వొద్దు."

"నవ్వను."

"సీసాలో గోని వాసన రాకూడదని."

నేను నవ్వలేదు. సీతమ్మకు కూడా తను చెప్పింది ఎవరూ నమ్మని కష్టం తెలుసు కదా అని మాత్రం అనిపించింది. ఇద్దరం బొరుగులు కొనుక్కుని, మెట్ల మీద కూర్చుని తిన్నాం.

"సరోజా, ఒకవేళ వస్తే?" అంది పద్మ. "మా నాయిన ఇన్నేండ్లు తెలీక బతికినాడు. తెలిసి బతకడం ఎట్ల?"

తెచ్చింది నేను. ఆ సంగతి నాకు అప్పుడే పూర్తిగా తలకెక్కింది.

కామసముద్రం: మొదటి గ్లాసు

మూడో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకు మునెప్పగారు స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, ఒక రేకు డబ్బా తెచ్చారు. అందులో బిరడా తీసే స్క్రూ. క్లబ్బు మూతపడే రోజుల్లో పనివాళ్ళకు తలా ఒక వస్తువు ఇచ్చారట. ఒకరు కుర్చీ అడిగారు, ఒకరు గడియారం. ఈయన ఇది అడిగారు. ప్రతి ఏడూ ఆయుధపూజకు కొడవలి, పార, మోటారు పక్కన దీనికీ బొట్టు పెడతారు. ఆ కుంకుమ స్క్రూ మరల సందుల్లో గట్టిపడి ఉంది. దాన్ని గోరుతో గీకి శుభ్రం చేశారు.

పద్మ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. సీసాతో పాటు పద్మ తెచ్చిన తువ్వాలుతోనే ఆయన సీసా తుడిచారు, గాజు గ్లాసులు తుడిచారు. పద్మ రిటైర్మెంటుకు స్కూలు వాళ్ళిచ్చిన గ్లాసులవి. తర్వాత తువ్వాలు ముంజేతి మీద మడిచి వేసుకున్నారు. ఆ క్షణంలో ఆయన వీపు ఇంకా నిటారైంది. బిరడా చప్పుడు లేకుండా వచ్చింది. సీసా మెడ కింద సెల్‌ఫోను లైటు వేయించుకుని, మడ్డి కదలకుండా, సన్నటి ధారగా పోశారు. చెయ్యి అసలు వణకలేదు.

గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

గ్లాసు దించేశారు.

"నాకి రాదమ్మా," అన్నారు. "కరోనా వచ్చి పోయినప్పుడు నా ముక్కుని గూడ ఎత్తుకోనిపోయినాది. మళ్ళా వస్తాది వస్తాది అనుకుంటి. రాలేదు. ఈ సీసా చూస్తే అయినా వస్తాదేమో అనుకుంటి."

అడుగంటిన పాలు గుర్తొచ్చాయి. డైరీలో రాసుకున్నాను గానీ అర్థం చేసుకోలేదు.

"ఎందుకు చెప్పలేదు నాయినా?" అంది పద్మ.

"ఏమని చెప్పేది? గోని మునెప్పకి ఇప్పుడు గోని వాసన గూడ రాదు అని చెప్పల్లా?" ఆయన గ్లాసు కూతురి వైపు జరిపారు. "నువ్వు చూడు. నీది నా ముక్కే. ఉన్నది ఉన్నట్ల చెప్పు."

పద్మ గ్లాసు దగ్గరకు వంగింది. మొహం మాడిపోయింది. మళ్ళీ చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పు."

"గోని వాసనే వస్తాది నాయినా."

ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, నాలుగు అంచులూ కలిపి మడిచారు. "సరేలే. బట్లరుది తప్పు లేదు. పాపం, ఆయప్పని ఇన్నేండ్లు తిట్టుకుంటి." తర్వాత నాతో, "నువ్వు ఏమీ అనుకోవద్దు తల్లీ. అంత దూరం నించి తెచ్చినావు," అన్నారు.

నేను కూడా గ్లాసు వాసన చూశాను. నిజమే, తడి గోనె. కానీ ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ల్యాబులో చెప్పిన మాట ఒకటుంది: పరీక్షించేది ఏదో తెలుసుకునే ముందు గిన్నె శుభ్రంగా ఉందో లేదో చూసుకోండి. పక్కన ఇంకా వైను పోయని గ్లాసు ఉంది. అది తీసి చూశాను.

దాంట్లోనూ గోనె వాసనే.

"పద్మా, ఈ రెండు రోజులూ సీసా ఎక్కడ పెట్టావు?"

"పురుగుల షెడ్డులో. చల్లగా, చీకటిగా ఉండల్ల అన్నాడు కదా. ఊరు మొత్తంలో అట్లాంటి తావు అదొకటే. కిటికీలకి తడి గోని పట్టలు కట్టి ఉంటాము కదా..." పద్మ ఆగిపోయింది. "సీసాకి గూడ ఒక తడి గోని పట్ట చుట్టి పెట్టినాను."

"తువ్వాలు?"

"ఆ పట్ట పైనే."

మునెప్పగారు మోకాళ్ళ మీది తువ్వాలు వైపు పామును చూసినట్టు చూశారు. "నాకి ముక్కు ఉంటే ఆ గుడ్డని గడప దాటనిచ్చేవాణ్ణా! దాంతో గ్లాసు తుడిచినాను చూడు! ఏ బేరరు చేస్తాడు ఈ పని?"

మామిడి తోపులో రెండో పరీక్ష

గ్లాసులు నేనే కడిగాను. సబ్బు లేదు, వేడినీళ్ళు మాత్రమే, నాలుగుసార్లు. తుడవకుండా అరటాకు మీద బోర్లించి ఎండలో ఆరబెట్టాను. షెడ్డుకు దూరంగా, మామిడి తోపులో బల్ల వేశాం. పద్మ ముక్కు, నా ముక్కు అప్పటికే గోనెకు అలవాటు పడ్డాయి గనక మూడో మనిషి కావాలన్నాను.

"డెయిరీ నారాయణప్పని పిలుస్తా," అంది పద్మ.

ఊళ్ళో పాలు పోయించుకునే ఆయన. ప్రతి క్యాను మూత తీసి వాసన చూసి, తేడా ఉంటే వెనక్కి పంపడం ఆయన పని. మోపెడ్ మీద వచ్చాడు. జాతరకు గుండు కొట్టించుకుని, టోపీ పెట్టుకుని ఉన్నాడు.

"సారాయి అంటివి అక్కా? ఆవని మొక్కు ఉండాది నాకి."

"తాగొద్దప్పా. వాసన చూస్తే చాలు."

"వాసన చూసేదానికి దేవుడు ఏమీ అనడులే. యాడుండాది?"

మూడు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో గోనె పట్ట నానబెట్టిన నీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో వైను. నారాయణప్ప టోపీ కళ్ళ మీదికి లాగి, వరస మార్చి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాను. డైరీ ఒళ్ళో తెరిచి ఉంది. మునెప్పగారు కాస్త దూరంలో చెట్టుకు చెయ్యి ఆనించి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు.

"ఇది గోని," అన్నాడు నారాయణప్ప మొదటిదానికి. "దీన్ని అడగల్లా? మా రాగి మూట తడిస్తే ఇదే."

రెండోది. "ఇదేమీ లేదు. నీళ్ళు."

మూడోది. ఒకసారి పీల్చాడు, ఆగాడు, మళ్ళీ పీల్చాడు. "ఇది... నేరేడుపండ్లు బాగా మాగితే వస్తాదే, అది. దాని ఎనక ఇంగొకటి ఉండాది. ఏందబ్బా... బడి వాసన."

"బడి వాసనా?"

"పెన్సిలు చెక్కితే వస్తాదే అక్కా. అది."

"గోని ఉండాదా?" చెట్టు దగ్గర నుంచి, తిరక్కుండానే మునెప్పగారు అడిగారు.

"లేదు మామా."

"ఇంగొకసారి చూడు. నాకి మొగమాటానికి చెప్పొద్దు."

"పదైదేండ్లుగా ఊరి పాలు వాసన చూస్తాండాను. మా అత్తగారింటి క్యానే ఎనక్కి పంపినోణ్ణి, మూడు నెలలు నా పెండ్లాం మాట్లాడలేదు. నీకేం మొగమాటం మామా? గోని లేదు. ఒక పిసరు గూడ లేదు."

మునెప్పగారు ఆ చెట్టు బెరడును అరచేత్తో రెండుసార్లు తట్టారు. తర్వాత ఇటు తిరిగారు.

"మీ అమ్మ ఒక్కతే నమ్మినాది," అన్నారు పద్మతో. "నువ్వు కడుపులో ఉండినావు. బూట్లు తుడిచే పని ఇడిసిపెట్టి వచ్చేస్తా అంటే, పని ఇడవొద్దు, నీ ముక్కు సంగతి నాకి తెలుసు అనింది. వాసన చూడకుండానే నమ్మినాది."

చేతులు కడుక్కుని, శుభ్రమైన తువ్వాలు అడిగి తీసుకుని ముంజేతి మీద వేసుకున్నారు. నన్ను కూర్చోమన్నారు. కుడివైపు నుంచి వంగి నా గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తు పోశారు, సీసా మూతి కొంచెం తిప్పి, ఒక్క చుక్క కింద పడకుండా. ఆ వడ్డన చూశాక తాగనని చెప్పడానికి నోరు రాలేదు. ఒక గుక్క తాగాను. డైరీలో ఇలా రాసి ఉంది: మొదట నేరేడుపండు, తర్వాత పచ్చి అరటి దూట, చివర నాలుక ఎండిపోవడం. మళ్ళీ తాగను. తాగినందుకు విచారం లేదు.

"మీరూ రుచి చూడండి, బాబాయిగారూ."

ముప్పై ఏళ్ళకు పైగా పోశారు గానీ ఆయన ఎన్నడూ తాగలేదట. నిలబడే ఒక గుక్క తీసుకున్నారు. మొహం మొత్తం దగ్గరకు ముడుచుకుంది.

"ఇంత వగరా!" అన్నారు. "దీనికా నేను ఏడాది బూట్లు తుడిచినాను!"

పద్మ నవ్వడం మొదలుపెట్టింది. హాస్టల్లో నవ్వినట్టే, ఊపిరాడక, బల్ల పట్టుకుని. నారాయణప్ప టోపీ తీసి గుండు రుద్దుకుంటూ, తన మొక్కు తీరేదాకా ఆ సీసా ఆపి ఉంచగలరా అని అడిగాడు.

తిరుగు ప్రయాణం

నాలుగో రోజు పొద్దున్న నాతో స్టేషను దాకా వస్తానని మునెప్పగారు పట్టుబట్టారు. ఆయనే కుంకుమ డబ్బా తెచ్చి, ఖాళీ సీసా మీది పావురానికి చిన్న బొట్టు పెట్టి, స్క్రూ డబ్బా పక్కన నిలబెట్టి వచ్చారు. నా సంచిలో ఇప్పుడు రాగిపిండి, ఎండిన అనపగింజలు, నాలుగు పట్టుగూళ్ళు. బరువు వచ్చినప్పటి కంటే ఎక్కువ.

దారిలో డెయిరీ దగ్గర క్యాన్లు పట్టుకుని పది పదిహేను మంది నిలబడి ఉన్నారు. పొద్దున్నే నారాయణప్ప అక్కడ ఏం చెప్పాడో గాని, మేము పోతుంటే అందరూ ఇటే చూశారు. ఆటో స్టాండులో డ్రైవరు, నాకంటే ఓ పదేళ్ళు చిన్నవాడు, బీడీ పారేసి కేకేశాడు.

"ఏమి గోని మునెప్పా, ఇంత పొద్దున్నే యాడికి?"

పద్మ చప్పున తండ్రి మొహంలోకి చూసింది. నేనూ చూశాను.

మునెప్పగారు మెడ గుండీ సరిచేసుకున్నారు. ముందు నన్ను ఆటోలోకి ఎక్కించి, నా సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, తర్వాత డ్రైవరు పక్కన కూర్చున్నారు.

"అవునప్పా, గోని మునెప్పనే. ఆ పొద్దు ఆ సీసాలో గోని ఉన్నిందని చెప్పినోణ్ణి నేనే," అన్నారు. "స్టేషనుకి పోనీ. మెల్లగా పో. కుదిపినావంటే ఊరుకోను."